అయస్కాంతాన్ని తట్టే కాంతి: లేజర్ మెరుపులు, ధ్రువణం గురించి తెలుసుకుందాం

‘లేజర్‌తో అయస్కాంతం మీద రాత, ఇక కంప్యూటర్లు వెయ్యి రెట్లు వేగం’ అనే మాదిరి వార్తలు అప్పుడప్పుడు ఫోన్లలో తిరుగుతుంటాయి. అవి చదివిన పిల్లలకు వచ్చే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఒకటి, కాంతికి చెయ్యా కాలా, అది అయస్కాంతాన్ని ఎలా కదిలిస్తుంది? రెండు, రెప్పపాటులో కోటానుకోట్ల వంతు సమయంలో జరిగిందంటున్నారే, దాన్ని ఎవరు చూశారు, ఎలా చూశారు? మమ్మల్నడిగితే రెండోదే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే ఇలాంటి వార్తల్లో ఎంత నిజమో, ఎంత ఊదరో మీరే తూచుకోగలరు. తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్ళు ఈ వ్యాసం సొంతంగా చదువుకోవచ్చు. చిన్న పిల్లలకు పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చెబితే బాగుంటుంది.

ముందు ధ్రువణం సంగతి

తెలుగు పుస్తకాల్లో ధ్రువణం, కన్నడ పుస్తకంలో ధ్రువీకరణ, ఇంగ్లీషు మీడియం వాళ్ళకు పోలరైజేషన్. మూడూ ఒకటే. ఒక తాడు కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను పైకీ కిందికీ ఆడించండి. తాడు వెంట అల పోతుంది, ఊగడం మాత్రం నిలువుగా ఉంటుంది. చేతిని పక్కలకు ఆడిస్తే అల అడ్డంగా ఊగుతుంది. కాంతి కూడా ఇలా ఊగే అలే. ఎండలో, బల్బు వెలుగులో అన్ని దిక్కుల ఊగిసలాటలూ కలగాపులగంగా ఉంటాయి. పోలరాయిడ్ పలక ఒక్క దిక్కు ఊగిసలాటనే దాటనిచ్చి తక్కినవాటిని ఆపేస్తుంది. అలా దాటి వచ్చినది ధ్రువిత కాంతి.

ఇంట్లో పోలరాయిడ్ చలువ అద్దాలు ఉంటే పాత క్యాలిక్యులేటర్ తెర ముందు పట్టుకుని, అద్దాలను మెల్లగా గుండ్రంగా తిప్పి చూడండి. ఒక చోట అంకెలు బాగా కనిపిస్తాయి, అక్కడి నుంచి 90 డిగ్రీలు తిప్పితే తెర మొత్తం నల్లబడుతుంది. నల్ల రంగు వేసిన మామూలు చలువ అద్దాలతో ఇది జరగదు. కొన్ని కొత్త ఫోన్ తెరలతోనూ సరిగా కుదరదు. అందుకే క్యాలిక్యులేటర్ అన్నాం. తెర నల్లబడిన చోట మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెడితే రంగులు వస్తాయి. అది వేరే కథ, కానీ చూడడానికి ముచ్చటగా ఉంటుంది.

ఇంకో రకం ధ్రువణం కూడా ఉంది. స్కిప్పింగ్ తాడులా కొసను గుండ్రంగా తిప్పితే తాడు వెంట మెలిక పోతుంది. ఇలా మెలి తిరుగుతూ పోయే కాంతిని వృత్తాకార ధ్రువిత కాంతి అంటారు. మెలిక కుడివాటం కావచ్చు, ఎడమవాటం కావచ్చు. ఈ తేడా ముందు ముందు బాగా పనికొస్తుంది.

అయస్కాంతం కాంతిని తిప్పుతుంది

కాంతికీ అయస్కాంతానికీ సంబంధం ఉందని మొదట చూపినవాడు మైకేల్ ఫారడే. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, 1845 సెప్టెంబరు 13న. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండు చేసే చోట పని నేర్చుకుంటూ పెరిగినవాడు, బడి చదువు అంతంతమాత్రం. ఆ రోజు రకరకాల గాజులూ స్ఫటికాలూ పెట్టి చూశాడు, ఏమీ కనిపించలేదు. చివరికి చాలా ఏళ్ళ క్రితం తానే తయారుచేసి పక్కన పెట్టిన, సీసం కలిసిన బరువైన గాజు ముక్కను తీశాడు. దాని గుండా ధ్రువిత కాంతిని పంపుతూ విద్యుదయస్కాంతాన్ని ఆన్ చేస్తే, కాంతి ఊగే తలం కొంచెం పక్కకు తిరిగింది. దీన్నే ఫారడే ప్రభావం అంటాం.

ఇక్కడ ఒక సంగతి కాస్త నిదానంగా చదవండి, పైతరగతుల్లో చాలామంది తడబడే చోటు ఇదే. పంచదార నీళ్ళు కూడా ధ్రువిత కాంతిని తిప్పుతాయి. మరి తేడా ఏమిటి? పంచదార తిప్పడం మరమేకు మరలాంటిది. మేకును తల వైపు నుంచి చూసినా మొన వైపు నుంచి చూసినా మర వాటం మారదు. అందుకని కాంతి నీళ్ళలోంచి పోయి అద్దానికి తగిలి అదే దారిన వెనక్కి వస్తే, పోయేటప్పుడు తిరిగినది వచ్చేటప్పుడు విప్పుకుంటుంది. 10 డిగ్రీలు తిరిగినది మళ్ళీ సున్నా అవుతుంది. అయస్కాంతం తిప్పడం సీలింగ్ ఫ్యాను లాంటిది. కింద పడుకుని చూస్తే ఒక వైపు, మేడ మీద నుంచి చూడగలిగితే దానికి ఎదురు వైపు తిరుగుతున్నట్టు ఉంటుంది. ఫ్యాను మాత్రం ఎవరు ఎటు నుంచి చూస్తున్నారో పట్టించుకోదు, తన దిక్కునే తిరుగుతుంది. అందుకే వెనక్కి వచ్చే కాంతి ఇంకో 10 డిగ్రీలు అదే దిక్కుకు తిరిగి, మొత్తం 20 అవుతుంది. లేజర్ కాంతి వెనక్కి వచ్చి లేజర్‌నే పాడుచేయకుండా ఆపే పరికరాలు ఈ గుణం మీదే పనిచేస్తాయి.

తర్వాత గ్లాస్గోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లెక్కలు చెప్పే జాన్ కెర్, నునుపు చేసిన అయస్కాంత ధ్రువం మీద పడి వెనక్కి వచ్చే కాంతిలో కూడా ఇలాంటి తిరుగుడు ఉందని చూపాడు. ఆయన వ్యాసం 1877లో వచ్చింది. దీంతో ఒక గొప్ప వెసులుబాటు దొరికింది. అయస్కాంతాన్ని ముట్టుకోకుండా, దాని మీద కాంతి వేసి, ఆ కాంతి ఎటు ఎంత తిరిగిందో చూస్తే లోపల అయస్కాంతీకరణం ఎటు ఉందో చెప్పేయవచ్చు. 1992లో సోనీ తెచ్చిన మినీడిస్క్‌లో ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే డిస్కులు చదివే పద్ధతి ఇదే.

కాంతి అయస్కాంతాన్ని తిప్పగలదా?

అయస్కాంతం కాంతిని తిప్పితే, కాంతి అయస్కాంతాన్ని తిప్పకూడదా? ఈ ఎదురు ప్రశ్నకు లెక్కల్లో అవునని రష్యా శాస్త్రవేత్త పిటయెవ్‌స్కీ చెప్పాడు. 1965లో అమెరికాలో వాన్ డర్ జీల్, పెర్షన్, మామ్‌స్ట్రోమ్ అనే ముగ్గురు చేసి చూపారు. వృత్తాకార ధ్రువిత లేజర్ మెరుపును పదార్థం గుండా పంపితే, ఆ మెరుపు ఉన్నంతసేపు పదార్థం చిన్న అయస్కాంతం అయింది. చుట్టూ ఉన్న తీగచుట్టలో ఆ సంకేతం దొరికింది. కుడివాటం మెలికకు అయస్కాంతం ఒక వైపు, ఎడమవాటం మెలికకు రెండో వైపు. దీని పేరు విలోమ ఫారడే ప్రభావం. మామూలు బల్బుతో ఇది కనిపించదు, అంత బలమైన వెలుగు లేజర్ వచ్చాకే దొరికింది. మొదటి లేజర్ వెలిగింది 1960లో.

మెలిక తిరిగే కాంతిలోని ప్రతి రేణువుకూ, అంటే ఫోటాన్‌కూ, స్పిన్ అనే గుణం ఉంటుంది. ఈ విషయంలో మనవాళ్ళ పేరు ఒకటి తప్పక తెలిసి ఉండాలి. 1931లో సి.వి. రామన్, ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగ రుజువు అంటూ వ్యాసం ప్రచురించారు. భగవంతం గారిది కృష్ణా జిల్లా. ఆ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా కూడా ఉన్నారు. ఆయన్ను పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెట్టేయడం మాకైతే వెలితిగానే ఉంటుంది.

ఫెమ్టోసెకను అంటే ఎంత?

ఒక సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతో, మూడు కోట్ల ఏళ్ళ ముందు ఒక సెకను దాదాపు అంత. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి కూడా ఒక ఫెమ్టోసెకనులో మిల్లీమీటరులో మూడు వేల వంతు కూడా దాటలేదు. తలవెంట్రుక మందం దాటడానికే కాంతికి రెండు వందల ఫెమ్టోసెకన్ల పైమాటే. వెయ్యి ఫెమ్టోసెకన్లు కలిస్తే ఒక పికోసెకను.

ఇంత చిన్న సమయాన్ని కొలిచే గడియారం లేదు, కెమెరా షట్టరు అంతకన్నా లేదు. మరి ఎలా చూస్తారు? లేజర్ నుంచి వచ్చిన ఒకే మెరుపును సగం పారే అద్దంతో రెండుగా చీలుస్తారు. బలమైనది తట్టే మెరుపు, బలహీనమైనది చూసే మెరుపు. మొదటిది వెళ్ళి అయస్కాంతాన్ని తడుతుంది. రెండోదాన్ని కొంచెం చుట్టుదారిన పంపుతారు, అది ఆలస్యంగా వస్తుంది. చుట్టుదారిలోని అద్దాన్ని ఒక మైక్రోమీటరు వెనక్కి జరిపితే, పోనూ రానూ కలిపి దారి రెండు మైక్రోమీటర్లు పెరుగుతుంది, మెరుపు దాదాపు ఏడు ఫెమ్టోసెకన్లు ఆలస్యమవుతుంది. 0.15 మిల్లీమీటరు జరిపితే సరిగ్గా ఒక పికోసెకను. చూశారా, గడియారం చేయలేని పనిని ఒక అద్దం, ఒక స్కేలు చేసేస్తున్నాయి. తట్టిన తర్వాత 100 ఫెమ్టోసెకన్లకు అయస్కాంతం ఎలా ఉంది, 200కు ఎలా ఉంది అని ఒక్కో చోట అద్దం నిలిపి, వేల సార్లు తట్టి, చూసి, ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోతే చివరికి గీత తయారవుతుంది. ఇది సినిమా తీయడం కాదు. ప్రతిసారీ ఒకేలా జరిగే పనిని ప్రతిసారీ ఒక్కో క్షణంలో ఫోటో తీయడం.

చూసే మెరుపు ధ్రువణం ఎంత తిరిగిందో కొలవడానికి త్రాసు లాంటి ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఒక పట్టకంతో నిలువు, అడ్డం అని రెండు పాయలుగా చీల్చి రెండు కాంతి గ్రాహకాల మీద వేస్తారు. ముందే రెండు పళ్ళాలూ సమంగా ఉండేలా సరిచేసి పెడతారు. ధ్రువణం రవ్వంత తిరిగినా ఒక పళ్ళెం బరువెక్కుతుంది. ఒక డిగ్రీలో వెయ్యో వంతు తిరుగుడును కూడా ఇలా పట్టుకోవచ్చు.

స్ట్రాస్‌బర్గ్ నికెల్, దాని మీద వాదం

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో బోర్‌పేర్, బిగో, వారి సహచరులు 1996లో పలచని నికెల్ పొర మీద 60 ఫెమ్టోసెకన్ల మెరుపు వేసి చూశారు. అయస్కాంతాన్ని వేడిచేస్తే బలం తగ్గుతుందని మీకు తెలుసు. కానీ వేడి అణువుల అల్లికలోకి పోయి, అక్కడి నుంచి స్పిన్‌లను చేరడానికి వంద పికోసెకన్ల వరకు పట్టవచ్చని అప్పటి నమ్మకం. వాళ్ళ గీతలో మాత్రం మొదటి ఒక్క పికోసెకనులోనే అయస్కాంతత్వం బాగా పడిపోయింది.

చాలామంది నమ్మలేదు. వాళ్ళ సందేహం సబబైనదే. మనం చూసింది అయస్కాంతాన్ని కాదు కదా, దాని మీద పడి వచ్చిన కాంతి ధ్రువణాన్ని. బలమైన మెరుపుతో నికెల్‌లోని ఎలక్ట్రాన్లు చెదిరిపోతే, కాంతిని తిప్పే తీరే కాసేపు మారిపోవచ్చు. త్రాసు చెడితే సరుకు తగ్గినట్టు కనిపించదా? 2000లో నెదర్లాండ్స్‌కు చెందిన కోప్‌మన్స్ బృందం ఇదే ప్రశ్న వేసి, మొదటి కొన్ని వందల ఫెమ్టోసెకన్లలో కనిపించేదంతా అయస్కాంతత్వం కాదని చూపింది. తర్వాత 2007లో బెర్లిన్‌లో కాంతికి బదులు ఫెమ్టోసెకను ఎక్స్‌-కిరణాలతో చూశాక, నికెల్ అయస్కాంతత్వం నిజంగానే అంత వేగంగా పడిపోతోందని తేలింది. వాదం పదకొండేళ్ళు నడిచింది. ఆ వాదం వల్లే ఇప్పుడు ఎవరు కొలిచినా రెండు రకాలుగా సరిచూసుకుంటున్నారు.

వేడి లేకుండా, ఒక్క తట్టుతో

నికెల్ కథలో అయస్కాంతాన్ని మార్చింది వేడి. విలోమ ఫారడే ప్రభావంతో, వేడి చేయకుండా మార్చవచ్చా? నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ నగరంలో కిమెల్, కిరిల్యుక్, రాసింగ్ తదితరులు 2005లో దీనికి జవాబిచ్చారు. వాళ్ళు తీసుకున్నది డిస్ప్రోసియం ఆర్థోఫెర్రైట్ అనే స్ఫటికం. డిస్ప్రోసియం, ఇనుము, ఆక్సిజన్ కలిసినది. దానిలో పక్కపక్క ఇనుము అణువుల స్పిన్‌లు ఒకదానికొకటి దాదాపు ఎదురెదురుగా ఉంటాయి, పూర్తిగా మాత్రం కాదు, కొంచెం వంగి ఉంటాయి. ఇలాంటి అమరికలు తట్టితే చాలా వేగంగా ఊగుతాయి.

200 ఫెమ్టోసెకన్ల వృత్తాకార ధ్రువిత మెరుపు తగలగానే స్పిన్‌లు ఊగడం మొదలుపెట్టాయి. సెకనుకు ఇరవై వేల కోట్ల సార్లు, అంటే 200 గిగాహెర్ట్‌జ్ స్థాయిలో. మెరుపు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఊగాయి, ఊయలను ఒక్క తోపు తోసి వదిలేసినట్టు. స్పిన్‌లు ఊగుతుంటే వాటి గుండా వెళ్ళే చూసే మెరుపు ధ్రువణం కూడా అదే లయలో అటూ ఇటూ తిరిగింది. లేజర్ మెరుపుతో కాంతి ధ్రువణాన్ని అతివేగంగా మార్చడం అంటే అదే.

వేడి వల్ల కాదని ఎలా తెలుసు? మెరుపు మెలికను కుడి నుంచి ఎడమకు మార్చారు. ఊగిసలాట కూడా తలకిందులైంది. మొదటిసారి పైకి మొదలైనది ఈసారి కిందికి మొదలైంది. వేడికి కుడీ ఎడమా తెలియవు, ఏ మెలిక అయినా ఒకేలా వేడెక్కాలి. కాబట్టి తోసింది వేడి కాదు, మెలికే. ఈ రుజువును పదే పదే చదవండి, ఇంత సులువైన తర్కంతో ఇంత పెద్ద విషయం తేలడం అరుదు. ఆ క్షణంలో కాంతి చేసిన పని కొన్ని టెస్లాల అయస్కాంత క్షేత్రం చేసే పనికి సమానం. ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రాలు 1.5 లేదా 3 టెస్లాలవి, ఆ లెక్కన పోల్చుకోండి.

ఊయల సంగతి తెలిసినవాళ్ళకు తర్వాతి ప్రయోగం వెంటనే తడుతుంది. ఊయల పూర్తిగా ఒక చుట్టు ఊగి వచ్చినప్పుడు మళ్ళీ తోస్తే ఊపు పెరుగుతుంది. సగం చుట్టులో, అది ఎదురు వస్తున్నప్పుడు తోస్తే ఆగిపోతుంది. వాళ్ళు రెండో మెరుపును సరిగ్గా అలాగే వేసి, స్పిన్‌ల ఊపును ఒకసారి పెంచారు, ఒకసారి ఆపేశారు.

ఇందులో జరిగేది రామన్ పరిక్షేపణమే అనడం సబబు. 200 ఫెమ్టోసెకన్ల మెరుపులో ఒకే రంగు ఉండదు, దగ్గర దగ్గర పౌనఃపున్యాలు ఎన్నో ఉంటాయి. ఎక్కువ శక్తి గల ఫోటాన్ ఒకటి పోయి, కాస్త తక్కువ శక్తి గలది పుడుతుంది. మిగిలిన ఆ కాస్త శక్తి స్పిన్‌ల ఊగిసలాటకు దక్కుతుంది. కాంతి దాదాపు అంతా బయటికి వచ్చేస్తుంది, అందుకే వేడి తక్కువ. ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం ఏ ప్రభావం పేరుతో జరుపుకుంటామో, అది అయస్కాంతాలకూ పనిచేస్తోందన్నమాట.

రాత సంగతి

ఊపడం ఒకటి, పూర్తిగా తిప్పి రాయడం ఇంకొకటి. 2007లో అదే నైమేహెన్ వాళ్ళు, జపాన్ సహచరులతో కలిసి, గాడోలినియం, ఇనుము, కోబాల్ట్ కలిసిన పొర మీద 40 ఫెమ్టోసెకన్ల మెరుపులతో అయస్కాంతాన్ని తిప్పేశారు. కుడి మెలికకు ఒక దిక్కు, ఎడమ మెలికకు మరో దిక్కు. మెలికే రాసిందని అప్పుడు అందరూ అనుకున్నారు. 2012లో చూస్తే, మెలిక లేని మెరుపుతో కూడా ఆ పదార్థం తిరుగుతోంది, ఒక్కో మెరుపుకు ఒక్కోసారి బోర్లాపడుతోంది. ఇనుము తన అయస్కాంతత్వాన్ని త్వరగా, గాడోలినియం నిదానంగా పోగొట్టుకోవడమే దీనికి ముఖ్య కారణం. అంటే ఇక్కడ పని చేసింది వేడే. ఆ తర్వాత 2017లో పోలండ్‌లోని బియాలిస్టాక్ బృందం, కిమెల్‌తో కలిసి, కోబాల్ట్ కలిపిన పారదర్శకమైన గార్నెట్ పొర మీద చాలా తక్కువ వేడితో రాసి చూపింది. అక్కడ మెలిక కాదు, కాంతి ఊగే దిక్కు ఎటుందో దాన్ని బట్టి రాత మారింది.

ఇక ఆ ‘వెయ్యి రెట్లు వేగం’ వార్తలు. ఒక మచ్చను అంత వేగంగా రాయగలమన్నది నిజం. కానీ కాంతిని తన తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్న చుక్కగా కుదించడం కష్టం. మామూలు కటకంతో కొన్ని వందల నానోమీటర్ల మచ్చ వస్తుంది, హార్డ్ డిస్క్‌లో ఒక్కో రాత కొన్ని పదుల నానోమీటర్లే. వేగంగా రాస్తాం గానీ పెద్ద అక్షరాలతో రాస్తాం అన్నట్టు. ఫెమ్టోసెకను లేజర్ కూడా జేబులో పెట్టుకునేది కాదు, ప్రయోగశాలలో బల్ల నిండా అద్దాలు ఉంటాయి. పైగా ధ్రువణం తిరిగేది చాలా పదార్థాల్లో డిగ్రీలో కొద్ది భాగమే. ఈ మూడింటి గురించి ఏమీ చెప్పని వార్త కనిపిస్తే, సగం చదివినట్టే లెక్క.

తల్లిదండ్రులకు ఒక మనవి

ఈ వ్యాసం చదివి పిల్లలు లేజర్ కావాలని అడుగుతారు. పైన చెప్పిన ఇంటి ప్రయోగానికి క్యాలిక్యులేటర్, పోలరాయిడ్ అద్దాలు చాలు, లేజర్ అక్కర్లేదు. తిరునాళ్ళలో, బొమ్మల దుకాణాల్లో దొరికే లేజర్ పెన్నులలో కొన్నింటి మీద రాసిన శక్తి ఒకటి, లోపల ఉన్నది మరొకటి. ముఖ్యంగా ఆకుపచ్చవి. కన్ను తనలో పడిన లేజర్ కాంతిని రెటీనా మీద చిన్న చుక్కగా కుదిస్తుంది, అక్కడ కాలితే నొప్పి కూడా తెలియదు, చూపు మళ్ళీ రాదు. ఎదుటివాళ్ళ ముఖం మీద, అద్దాల మీద, వాహనాలు నడిపేవాళ్ళ మీద వేయడం ఆట కాదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే బ్యాటరీ తీసి పెట్టండి. చూపులో మచ్చలా ఏదైనా కనిపిస్తోందని పిల్లలు చెబితే ఇంటి చుక్కల మందుతో ఆగకుండా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.